తలకింత అని మన పిల్లల్ని బేరం పెడుతున్నదెవరు?

పదో తరగతి ఫలితాలో, ఇంటర్ ఫలితాలో వచ్చిన మర్నాడు మన వాడలోకి మొదట వచ్చేదెవరు? సాంఘిక సంక్షేమ శాఖ అధికారి రాడు (ఇప్పుడు ఎస్సీ అభివృద్ధి శాఖ అని బోర్డు మార్చారు, మనిషి మాత్రం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాడు). ఎం.ఇ.వో. రాడు. ఓట్లప్పుడు మన గడపల ముందు చేతులు జోడించిన నాయకుడు అసలే రాడు. వచ్చేది ఒక మోటారు సైకిలు. దాని మీద ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రంగుల కరపత్రాలు, జేబులో మన పిల్లల పేర్లూ మార్కులూ ఫోన్ నంబర్లూ ఉన్న జాబితా. తన బిడ్డ ఎన్ని మార్కులతో పాసయిందో తల్లికి తెలియకముందే అతనికి తెలుసు. ఆ జాబితా అతని జేబులోకి ఎట్లా పోయిందో తర్వాత చెప్తాను.

పల్లెలో అతని పేరు పి.ఆర్.వో. పట్నంలో ఏసీ గది ఉంటే ఎడ్యుకేషనల్ కన్సల్టెంటు, కెరీర్ కౌన్సెలరు, అడ్మిషన్ గైడు. మాట మాత్రం అన్ని చోట్లా ఒకటే. "అమ్మా, మీరు ఒక్క పైస కట్టే పని లేదు. మీరు ఎస్సీలు గదా, ఫీజు మొత్తం గవర్నమెంటే కడ్తది. బస్సు ఫ్రీ, లాప్‌టాప్ ఫ్రీ. మెమో, టీసీ ఇయ్యిండ్రి, సీటు సంగతి నేను చూసుకుంట." పొద్దంతా మట్టి పని చేసి వచ్చిన తల్లి ఏమంటది? కాళ్లు కడుక్కోకముందే లోపలికి పోయి రేకు డబ్బాలోంచి కాగితాలు తెచ్చి చేతుల్లో పెడ్తది. చాయ్ కూడా పోస్తది.

అతను చెప్పింది పూర్తి అబద్ధమైతే మన పని సులువయ్యేది. మూడొంతులు నిజం చెప్తాడు. ఎస్సీ పిల్లకు ఫీజు ప్రభుత్వమే కట్టాలన్నది నిజం. కానీ మన హక్కును తాను తెచ్చిన దానంగా చూపిస్తాడు. మన ఇంట్లో కాగితాన్ని మనకే అమ్మి, అమ్మినందుకు ఇంకో చోట కూలి తీసుకుంటాడు.

ఈ స్కాలర్‌షిప్పు ఏ ముఖ్యమంత్రి జేబులోదీ కాదు, ఏ కాలేజీ యజమాని ధర్మమూ కాదు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నుంచి ఉంది, అంటే స్వాతంత్ర్యం కంటే మూడేండ్ల ముందు నుంచి. అప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ సభ్యుడు. మన పిల్లల పై చదువులకు ఖజానాలోంచి డబ్బు తీయాలని పట్టుబట్టి సాధించింది ఆయన. స్కాలర్‌షిప్పు ఆగితే ఏమవుతుందో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. అక్కడి నుంచి లండన్ పోయి చదువుతుంటే గడువు అయిపోయిందన్నారు. 1917లో చదువు నడిమధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. ఉద్యోగం చేసి, కూడబెట్టి, స్నేహితుడి దగ్గర అప్పు తీసుకొని, 1920లో మళ్లీ ఓడ ఎక్కి ఆ చదువు పూర్తి చేశాడు.

ఇక్కడ ఇంకో మనిషిని తలచుకోవాలి. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్. బొంబాయిలో బడిపంతులు, మరాఠీలో పుస్తకాలు రాసినవాడు. 1907లో భీమరావు మెట్రిక్ పాసైతే అభినందన సభ పెట్టారు. ఆ సందర్భంలో తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆ కుర్రవాడి చేతిలో పెట్టాడు కేలూస్కర్. తర్వాత తండ్రికి కాలేజీ చదువు చెప్పించే శక్తి లేకపోతే బరోడా మహారాజు శాయాజీరావును కలిపించి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్పు ఇప్పించాడు. అడ్మిషన్ గైడెన్స్ అని ఇవాళ బోర్డులు పెట్టుకొని చేస్తున్నామనే పని ఇదే గదా? మరి కేలూస్కర్ ఎంత తీసుకున్నాడు? ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ వాళ్లు ఆయనకు తలకింత అని లెక్కగట్టి కవరిచ్చారా? ఆయన మన కులం వాడు కూడా కాదు. బడిపంతులు, అంతే. నేనూ బడిపంతులునే కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగా అంటున్నాను.

మన వాడకొచ్చే గైడుకు కూలి ఇచ్చేది మనం కాదు, కాలేజీ. చేర్పించిన తలకింత. అందుకే మనకు అతను ఫ్రీగా కనిపిస్తాడు. కల్లం కాడికొచ్చే దళారి రైతు లాభం చూస్తాడా, మిల్లు లాభం చూస్తాడా? ఎవరి దగ్గర కూలి తీసుకుంటాడో వాళ్ల పనే చేస్తాడు. వడ్లకు తరుగు తీసినట్టు ఇక్కడ మన పిల్ల చదువుకు తరుగు తీస్తారు. కొత్త బ్రాంచి నిండలేదా, అందులోకి తోలు. ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో సీట్లు ఖాళీగా ఉన్నాయా, అటు తోలు. పిల్లకు జంతుశాస్త్రం ఇష్టమా, లెక్కలు వస్తాయా, హాస్టల్ ఉందా, రాత్రి బస్సు ఉందా, ఇవి అతని లెక్కలోకి రావు.

కమీషన్ రాని చోటు గురించి గైడు నోరు తెరవడు. మీ జిల్లా కేంద్రంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, అందులో పెద్ద చదువులు చదివిన లెక్చరర్లు ఉన్నారు అని ఎప్పుడైనా ఏ గైడైనా చెప్పగా విన్నారా? ప్రభుత్వ పాలిటెక్నిక్ గురించి? ఉస్మానియా, కాకతీయ, జె.ఎన్.టి.యు. సొంత కాలేజీల గురించి? ఐ.ఐ.టి.లలో 2016 నుంచి ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఎన్.ఐ.టి.లలోనూ మాఫీయే. కేంద్రం దగ్గర ఎస్సీ పిల్లల కోసం టాప్ క్లాస్ అని వేరే స్కాలర్‌షిప్పు ఉంది. ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో చేరితే వర్తిస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షల దాకా ఉండొచ్చు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ మన గడపలోనే ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ చేరికలకు 2022 నుంచి సి.యు.ఇ.టి. అనే పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష పేరు మన గురుకులాల బయట ఎంతమంది పిల్లలు విన్నారు? వినకపోవడం పిల్లల తప్పు కాదు. చెప్పేవాడికి అందులో పైస లేదు, అందుకని చెప్పలేదు.

చెప్పకపోవడం ఒక ఎత్తు. చెప్పి ముంచడం ఇంకో ఎత్తు. ఇది మాత్రం అందరూ కాస్త నిదానంగా చదవండి, చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో వందకు 70 సీట్లు కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వం ర్యాంకు ప్రకారం ఇచ్చేవి. మిగతా 30 మేనేజ్‌మెంటు కోటా, అంటే యజమాని ఇచ్చుకునేవి. ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనర్ సీటుకే వస్తది. మేనేజ్‌మెంటు సీటుకు రాదు. చివర్లో మిగిలిన సీట్లకు కాలేజీలోనే జరిపే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. తెలంగాణలో 2018 చట్టం కింద పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీల్లో చేరితే అసలే రాదు. గైడు ఈ తేడా చెప్పడు. "కౌన్సెలింగు తిప్పలెందుకు, నేరుగా సీటిప్పిస్త" అంటాడు. ఆ "నేరుగా" అన్న మాటలోనే ఉరి ఉంది. కన్వీనర్ పేరుతో వచ్చిన అలాట్‌మెంటు కాగితం మన పిల్ల చేతిలో ఉంటే అది మన సీటు. ఆ కాగితం లేకపోతే, ఎవడెన్ని ఒట్లు పెట్టినా, ఆ ఫీజు మన మెడకే.

మా బడిలో చదివి గురుకులంలో ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి సంగతి ఇదే. మంచి ర్యాంకే. కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టుకుంటే యూనివర్సిటీ కాలేజీలో కాకపోయినా ఏదో ఒక నిలకడైన కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చేది. గైడు వచ్చి "నేరుగా" చేర్పించాడు. మొదటి ఏడు ఎవరూ ఏమీ అడగలేదు. రెండో ఏడు చివర్లో ఆఫీసుకు పిలిచి, ఈ-పాస్‌లో నీ పేరు లేదు, నీది మేనేజ్‌మెంటు సీటు, రెండేండ్ల ఫీజు కడితేనే పరీక్షకు కూర్చోనిస్తామన్నారు. గైడు ఫోను కలవదు. తండ్రి పాలేరు పని చేసి బతికినవాడు. మానుకుంటానంటే టీసీ, ఇంటర్ మెమో ఇవ్వరు. మేం వాడ నుంచి పదకొండు మందిమి పోయాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర పెట్టుకోకూడదు అని యు.జి.సి. 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ కాగితం పట్టుకొని గేటు ముందు కూర్చున్నాం. సాయంత్రం దాకా నీళ్లు కూడా అడగలేదెవరూ. చీకటి పడ్డాక సర్టిఫికెట్లు ఇచ్చారు. కానీ రెండేండ్లు ఎవరిస్తారు? ఆ అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం. తనకంటే చిన్న పిల్లల మధ్య కూర్చొని చదువుకుంటున్నది, బాగానే చదువుతున్నది.

ఇంకో దొంగతనం ఫోన్‌లో జరుగుతుంది. దరఖాస్తు పెడితే పిల్ల ఫోనుకు ఒక నంబరొస్తది, ఓ.టి.పి. "ఆ నంబరు చెప్పమ్మా" అంటాడు. చెప్తే అయిపోయింది. ఎన్ని కాలేజీలైనా వరుసగా పెట్టుకునే చోట, పిల్ల పేరు మీద తన కాలేజీ ఒక్కటే పెట్టి తాళం వేస్తాడు. డిగ్రీ చేరికలకు 2016లో దోస్త్ పెట్టినప్పటి నుంచీ, తనకు తెలియకుండానే తనకు సీటు వచ్చిందని గొల్లుమన్న పిల్లలు ఎందరో. దోస్త్ అంటే స్నేహం అట! వెనకటికి దొర గడీలో తెల్ల కాగితం మీద మన తాతల వేలిముద్ర వేయించుకున్నారు. కింద వేలిముద్ర ముందు పడేది, పైన రాత తర్వాత రాసేవాళ్లు. ఓ.టి.పి. చెప్పడమంటే అదే. పిల్లలకు ఈ ఒక్క పోలిక చెప్పండి, ఎప్పటికీ మరిచిపోరు.

గైడు లేకపోతే ఆ ఫారాలు మాకెవరు నింపుతారు సారూ, అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. మేం హాస్టల్లో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్పు ఫారం ఒక్కటే కాగితం, వార్డెన్ సారు వరుసగా కూర్చోబెట్టి నింపించేవాడు. ఇవాళ కుల ధ్రువపత్రానికి మీసేవ, ఆదాయం పత్రానికి మీసేవ, ఆధార్‌కు బ్యాంకు ఖాతా జోడించాలి, తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రలో జ్ఞానభూమి, మధ్యలో వేలిముద్ర. పార పట్టి పట్టి అరిగిన వేలు మిషను మీద పడదు. ఇంటర్నెట్ సెంటర్ వాడికి ప్రతిసారీ చదివింపులు. ఇంత ముళ్లకంప వేసి, దాటించడానికి ఒక్క మనిషిని పెట్టలేదు ప్రభుత్వం. దాటిస్తానని పైరవీకారు వచ్చాడు. కంప వేసినవాడికీ దాటించేవాడికీ పొత్తు లేదని ఎట్లా నమ్మాలి?

కేంద్రం 2020 డిసెంబరులో ఈ పథకానికి అయిదేండ్లకు 59,048 కోట్లని ప్రకటించింది. 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు రాష్ట్రం. 2021 మార్గదర్శకాల్లో ఫ్రీషిప్ కార్డు అని రాశారు. అది చూపిస్తే ఎస్సీ పిల్లను ముందుగా ఫీజు అడగకుండా చేర్చుకోవాలి. మీ జిల్లాలో ఎంతమంది పిల్లల చేతికి ఆ కార్డు వచ్చిందో జిల్లా అధికారి దగ్గరికి పోయి రాతపూర్వకంగా అడగండి. ఏం జవాబొస్తే అది ఈ పత్రికకు పంపండి, అచ్చేద్దాం. రాష్ట్రం సంగతి చూడబోతే, 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు రీయింబర్స్‌మెంటు బకాయిలు ఇవ్వలేదని గేట్లకు తాళాలు వేశాయి. ప్రభుత్వం టోకెన్లు ఇచ్చామంటది, యజమాని పైసలు రాలేదంటడు. ఇద్దరు కోటీశ్వరుల కొట్లాటలో మన పిల్ల మెమో బీరువాలో బందీ. అంటే కన్వీనర్ సీటు తెచ్చుకున్న పిల్లకూ చివరికి "ముందు నువ్వు కట్టు, సర్కారిచ్చినప్పుడు నీకిస్తం" అన్న మాట తప్పడం లేదు. చేర్పించేటప్పుడు "ఒక్క పైస వద్దు" అన్న గైడు ఆ రోజు ఎక్కడుంటాడు? ఇంకో వాడలో చాయ్ తాగుతుంటాడు.

గడువు అనేది పేదవాడికి ఎంత పదునైన కత్తో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో దినకూలీ కొడుకు, దళిత కుర్రవాడు. ఐ.ఐ.టి. ధన్‌బాద్‌లో సీటొచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. ఊళ్లో అప్పు పుట్టేసరికి గడువు నిమిషాల్లోకి వచ్చింది, కట్టేలోపు కంప్యూటర్ మూసుకుంది. సీటు పోయింది. కోర్టుల వెంట తిరిగి తిరిగి సుప్రీంకోర్టుకు చేరితే, ఆ ఏడు సెప్టెంబరు 30న ఆ పిల్లవాణ్ణి చేర్చుకోమని తీర్పు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒక్కటే అనిపించింది, సుప్రీంకోర్టు దాకా పోలేని పిల్లలు ఆ ఏడు ఎందరు? 17,500 రూపాయలు ముందు రోజే చేతిలో పెట్టే మనిషి ఆ వాడలో ఒక్కడుంటే అసలు కోర్టు ఎందుకు?

విదేశీ చదువుల కన్సల్టెన్సీల గురించి రెండు మాటలు, ఎందుకంటే ఇప్పుడు మన వాడల్లోనూ బీటెక్ అయిన పిల్లలు అమీర్‌పేట మెట్లెక్కుతున్నారు. అమెరికాలో 2011లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడితే మన తెలుగు పిల్లల కాళ్లకు పశువులకు కట్టినట్టు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ అని అక్కడి ప్రభుత్వమే ఉచ్చుగా పెట్టిన దొంగ యూనివర్సిటీలో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. అందులోకి పిల్లల్ని తోలి తలకింత అని డబ్బు తీసుకున్నవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. పొలం ఉన్నవాడు పొలం అమ్మి నష్టపోతాడు, మనం అమ్మడానికి ఏముంది, అసైన్డ్ చెక్క తప్ప? అదే మన పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది. ఏడాదికి 125 మందికి, అందులో 115 ఎస్సీలకు. కన్సల్టెన్సీ వాడు దాని పేరెత్తడు. (ఆ స్కాలర్‌షిప్పుతో భారతదేశ చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధన చేయకూడదని 2022లో కొత్త నిబంధన పెట్టారు. మన గురించి మనం బయటి దేశంలో చదివితే ఎవరికి భయమో అడగండి.)

ఇంకో సంగతి. మోటారు సైకిలు మీద వచ్చినవాడు చాలాసార్లు మనోడే. మన వాడ పిల్లగాడే, బీటెక్కో ఎంబీఏనో చదివి కొలువు దొరక్క, అదే కాలేజీలో తన సర్టిఫికెట్లు చిక్కుకొని, "పది మందిని చేర్పించు, నీ బాకీ మాఫీ" అంటే బయలుదేరినవాడు. మన వేలితో మన కన్నే పొడిపిస్తున్నారు. వాణ్ణి కొట్టకండి, తిట్టకండి. కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఆ కాలేజీ తలకెంత ఇస్తున్నదో, ఎవరి చేతుల మీదుగా ఇస్తున్నదో అడిగి రాసుకోండి. ఇన్నేండ్లు తిరిగి నేర్చుకున్న పని వాడికుంది. ఏ ఫారం ఎక్కడ నింపాలో, ఏ తారీఖు దాటకూడదో మనందరి కంటే వాడికే ఎక్కువ తెలుసు. మే నుంచి జులై దాకా అంబేద్కర్ భవనంలో ఒక బల్ల వేసి వాణ్ణే కూర్చోబెడదాం. పక్కన డిగ్రీ చదువుతున్న ఇద్దరు ఆడపిల్లల్ని కూర్చోబెడదాం. ఖర్చు వాడ చందా. మా మండలంలో మూడు వాడల్లో మొదలైంది. ఒక పాత కంప్యూటర్, ఒక ప్రింటరు, గోడ మీద తారీఖుల కాగితం, అంతే. గడువు రోజు అప్పుగా ఇవ్వడానికి ఒక చిన్న డబ్బా నిధి కూడా పెట్టాం. దాని లెక్క నెలకోసారి వాడ ముందు చదవాలని కట్టుబాటు.

ఇక మొదట ఆపిన మాట. మన పిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ ఆ మోటారు సైకిలు జేబులోకి ఎవరిచ్చారు? పిల్లల ఫోన్ నంబర్లు ఉండేది బడిలో, కాలేజీ ఆఫీసులో, హాస్టల్ రిజిస్టర్‌లో. అక్కడి నుంచి అవి నడిచి పోలేదు. పంచినవాళ్లలో మాలాంటి పంతుళ్లున్నారు, లెక్చరర్లున్నారు, వార్డెన్లున్నారు. జై భీమ్ అని ఎదురొచ్చేవాళ్లు కూడా ఉన్నారు, దాచి లాభం లేదు. జీతం తీసుకొని పిల్లల జాబితా అమ్ముకున్నవాడు ఏ కులం వాడైనా దళారే. ఉపాధ్యాయ సంఘాల మిత్రులారా, పీఆర్సీ గురించీ డీఏ గురించీ తీర్మానాలు చాలా చేశాం. విద్యార్థుల వివరాలు ఏ కాలేజీకీ ఇవ్వం, చేర్పించినందుకు కమీషన్ తీసుకున్న సభ్యుణ్ణి సంఘంలోంచి తీసేస్తాం అన్న తీర్మానం ఈసారి జిల్లా మహాసభలో ఎవరు పెడతారు? ఎవరూ పెట్టకపోతే నేను పెడతాను. బలపరచడానికి ఒక్క చెయ్యి కావాలి.